ఒక చక్రం గుంటలో పడితేనే లొడలొడ: లింకులా, షాకబ్జార్లా?

నమస్కారం. మాది రాయగడ. 2008 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్న కొన్న బండి, అమ్మబుద్ధి కావట్లేదు.

రెండు నెలలుగా ముందు ఎడమవైపు, రేకు డబ్బాలో గులకరాళ్లేసి ఊపినట్టు ఒకటే లొడలొడ. గుణుపురం రోడ్డు గతుకుల్లో, 20-30 వేగంలో మరీ ఎక్కువ. విచిత్రమేమిటంటే, స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి ఎక్కితే చప్పుడే లేదు. ఒక్క చక్రం గుంటలో పడాలి, అప్పుడు మొదలు. బ్రేక్ కొద్దిగా తొక్కి పట్టినా ఆగదు, కాబట్టి ప్యాడ్లు కావనుకుంటున్నా. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే ఏ శబ్దమూ లేదు.

ఇక్కడి మెకానిక్ మొదట లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందివైపు బండికి పట్టి ఉంచే చెయ్యి) రబ్బరు బుష్‌లు మార్చాడు. తేడా లేదు. ఇప్పుడేమో షాకబ్జార్లు రెండూ పోయాయంటున్నాడు. ఆయిల్ కారిన జాడ లేదు. బానెట్ నొక్కి వదిలితే బండి ఒక్కసారి లేచి ఆగిపోతోంది. పోతే ఇంకా ఊగాలి కదా, మరి పోయినట్టెలా?

నా అనుమానం స్టెబిలైజర్ బార్ లింకు మీద (మలుపుల్లో బండి ఒరగకుండా రెండువైపుల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ ఆ బార్; దాని కొసల్ని చక్రాలవైపు తగిలించే చిన్న కడ్డీలు లింకులు). ఒకవైపే జాకీ ఎత్తితే బార్ మెలిపడి లింకు బిగుసుకుంటుంది కదా, ఎత్తి చూసినప్పుడు లింకులో లూజు అందుకే దొరకలేదేమో. రెండు లింకులూ విప్పి తీసేసి, మా వీధిలో మెల్లగా ఒక రౌండు తిప్పి చూడొచ్చా? (బారే లోయర్ ఆర్మ్‌ను పట్టి ఉంచే రకం కాదు, విడి లింకులున్నాయి, కింద దూరి చూశాను.) ఇలా ఎవరైనా చేశారా?

వచ్చే వారం కోరాపుట్ ఘాట్ ఎక్కాలి, అక్కావాళ్లింటికి. లింకులైతే పార్వతీపురం వెళ్లి తెచ్చుకుంటా. బార్ రబ్బరు బుష్‌లు కూడా అప్పుడే మార్చేయాలా?