పదిహేనేళ్ల అబ్బాయి, కొత్త దేశం: చెయ్యి దాటిపోయినట్టేనా?

నమస్కారమండి. మేం ఇక్కడికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా అబ్బాయికి పదిహేనేళ్లు. అక్కడున్నప్పుడు కాస్త మొండివాడు అనుకునేవాళ్లం, అంతే. ఇప్పుడు క్లాసులు ఎగ్గొడుతున్నాడు, ఏమన్నా అంటే తలుపు ధడేల్మని వేసుకుంటాడు. నిన్న గోడకేసి గుద్దాడు. వాడూ మావారూ ఎదురుపడితే నాకు గుండె దడ. ఇంటికి ఫోన్ చేస్తే "మొక్కై వంగనిది మానై వంగునా" అంటున్నారు. ఇక ఆశ లేదా?

జవాబు

ముందు ఆ సామెత పక్కన పెట్టండమ్మా. అది పదిహేనేళ్ల పిల్లల విషయంలో నిజం కాదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. ఆ అధ్యయనంలో పనిచేసిన టెర్రీ మోఫిట్ అనే సైకాలజిస్టు 1993లో ఒక సంగతి రాశారు: ఈ వయసులో గాడి తప్పినవాళ్లలో ఎక్కువమంది పెద్దయ్యాక మామూలుగా సర్దుకుంటారు. పసితనంలోనే మొదలై జీవితమంతా సాగేది కొద్దిమందిలోనే. అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు.

మీవాడికి ఇంకో బరువు కూడా ఉంది. దేశం మారాలని నిర్ణయించింది మీరు, స్నేహితుల్ని పోగొట్టుకుంది వాడు. దానికి నిద్ర లేమి తోడు. ఈ వయసులో ఒంటి గడియారమే ఆలస్యంగా నడుస్తుంది, కానీ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పిల్లాడితో పొద్దున్నే క్లాసుల గురించి పంచాయితీ పెట్టకండి.

ఇక గొడవల సంగతి. గెరాల్డ్ ప్యాటర్సన్ అనే పరిశోధకుడు ఇలాంటి ఇళ్లను దగ్గర్నుంచి చూసి చెప్పింది ఇది: మనం ఒకటంటాం, వాడు అరుస్తాడు, మనం ఇంకా గట్టిగా అరుస్తాం, చివరికి ఎవరో ఒకరు విసిగి వదిలేస్తారు. రాత్రి ఫోన్ ఇచ్చేయమంటే వాడు రచ్చ చేశాడు, మీరు "సరే, ఏడువు" అని వెళ్లిపోయారు అనుకోండి. రచ్చ చేస్తే పని జరుగుతుందని వాడు నేర్చుకున్నాడు. ఒకటి రెండు నియమాలు పెట్టుకుని, అరవకుండా వాటి మీదే నిలబడండి. మొదట్లో రచ్చ తగ్గదు సరికదా, పెరుగుతుంది. చాలామంది "ఇదీ పనిచెయ్యలేదు" అని అక్కడే వదిలేస్తారు. అసలు ఓపిక పట్టాల్సింది అప్పుడే.

ఇవాళ గొడవైందా లేదా అని లెక్క చూసుకుంటే రోజూ నిరాశే మిగులుతుంది. గొడవయ్యాక ఎంతసేపటికి బయటికొచ్చాడో చూడండి. రాత్రిదాకా గది దాటనివాడు గంటలో వచ్చి "ఛార్జర్ ఎక్కడ?" అని అడిగితే అది మార్పే. వాడి భాషలో అది సంధి ప్రస్తావన. "ఇప్పుడు గుర్తొచ్చానా?" అని దెప్పకండి, ఛార్జర్ ఇవ్వండి. క్లాసు గురించి మర్నాడు, వంటింట్లోనో కారులోనో, మొహాలు చూసుకోనవసరం లేనిచోట మాట్లాడొచ్చు.

మీవారికి ఒక్క మాట: చెయ్యి చేసుకోవద్దు. 1979లో స్వీడన్‌తో మొదలుపెట్టి చాలా దేశాలు పిల్లల్ని కొట్టడాన్ని చట్టంతో నిషేధించాయి. చట్టం సంగతి అలా ఉంచినా, కొట్టడం వల్ల వాడు నేర్చుకునేది దాచిపెట్టడమే.

ఇంకొకరి జవాబు

పై మాటలన్నీ సరే గానీ, ఓపిక పేరుతో ఆలస్యం చేయకండి. పెద్దవాళ్లలో దిగులుగా కనిపించే డిప్రెషన్ ఈ వయసులో చాలాసార్లు చిరాకుగా, కోపంగా కనిపిస్తుంది. ఇష్టమైనవి కూడా మానేస్తే, చచ్చిపోతానని ఒక్కసారి అన్నా, ఒంటి మీద కోతలు కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడకండి, అలా పుట్టదు. క్లాసులు ఎగ్గొట్టే విషయం స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. భాష ఇబ్బందైతే తెలుగు తెలిసిన మనిషిని ఏర్పాటు చేయగలరేమో అడగండి. మీ అబ్బాయి చేత మాత్రం అనువాదం చేయించకండి. వాడి తప్పులు వాడి నోటితోనే చెప్పించినట్టవుతుంది, పైగా టీచరు ఏమన్నారో మీకు సగమే చేరుతుంది.

అడిగినావిడ

కౌన్సెలర్ దగ్గరికి చచ్చినా రానంటాడండి.

జవాబు

రాకపోతే మీరిద్దరూ వెళ్లండి. తల్లిదండ్రులకే నేర్పే పద్ధతులున్నాయి, పిల్లాడు గదిలోనే ఉన్నా ఇంట్లో గొడవలు తగ్గుతాయి. ఎక్కడికెళ్తున్నారో వాడికి చెప్పే వెళ్లండి, రమ్మని మాత్రం బలవంతపెట్టకండి.