‘ఫిజిక్స్ ఆఫ్ సారో’లో ఈ ‘నేను’ ఎవరు? చదవనా, ఆపేయనా?

కాగితప్పడవ:
బల్గేరియా రచయిత గియోర్గి గొస్పొదినోవ్‌కి 2023లో ఇంటర్నేషనల్ బుకర్ తెచ్చిన ‘టైమ్ షెల్టర్’ కోసం వెతికితే దొరకలేదు. అదే రచయిత 2011లో రాసిన ‘ది ఫిజిక్స్ ఆఫ్ సారో’ తెచ్చుకున్నాను, ఏంజెలా రోడెల్ ఇంగ్లిష్ అనువాదం. మొదట్లోనే ఒకడు 1913లో పుట్టానంటాడు. కాసేపటికి 1968లో పుట్టానంటాడు. ఈ మధ్యలో సాయంత్రానికి చచ్చిపోయే ఈగగా కూడా పుట్టాడు! సరే, తాత కథ మొదలైంది కదా అని కుదురుకునేలోపు గ్రీకు పురాణాల ఎద్దుతల మినటార్ దిగాడు. ఎవరెవరో నోట్‌బుక్‌లో రాసుకుంటూ చదవాల్సొస్తోంది. అసలు ఇందులో కథ ఉందా అండీ?

రెండో_ముద్రణ:
నేను సగంలో ఆపేశాను. లిస్టులు, ముక్కలు, మళ్లీ లిస్టులు. ప్రైజులకి పనికొస్తాయి కానీ, రాత్రి పడుకునే ముందు చదువుకోవడానికి కాదు.

స్టెతస్కోప్:
ఆపకండి. నేను బల్గేరియాలోనే, ప్లొవ్‌దివ్‌లో మెడిసిన్ చదివాను. అక్కడ ఉండగానే ఈ నవల చదివాను కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

ముందు మీ ‘నేను’ సంగతి. 1968లో పుట్టానన్నవాడు ఆ తాత మనవడు. ఆ పిల్లాడికి ఒక జబ్బుంది. ఎదుటివాళ్ల బాధ వింటూ వింటూ వాళ్ల జ్ఞాపకంలోకే వెళ్లిపోతాడు. తాత జ్ఞాపకంలో ఉన్నప్పుడు తాతే ‘నేను’. తాత కడుపులో పుండుకి మందని బతికున్న నత్తని మింగితే, ఆ నత్త కూడా ‘నేను’. ఇది పట్టుకుంటే నోట్‌బుక్ అక్కర్లేదు.

ఇక కథ. నా లెక్కలో పుస్తకం మొత్తానికి ఇరుసు ఆ పిండిమర దగ్గర జరిగింది. తాత మూడేళ్ల పిల్లాడు. తండ్రి లేడు, ఇంటినిండా పిల్లలు, యుద్ధకాలం, తిండికి కటకట. మర దగ్గర వాణ్ని మర్చిపోయి బండి కదిలిపోతుంది. తమ్ముడు లేడని అక్క గమనించి అరిస్తే, తల్లి వెంటనే జవాబు చెప్పదు. ఆ కాసేపూ ఆమె ఏమనుకుంది? మర్చిపోయిందా, వదిలేద్దామనుకుందా? మినటార్ అందుకే వచ్చాడు. పురాణం అతణ్ని రాక్షసుడంటుంది. గొస్పొదినోవ్ మాత్రం, కన్నవాళ్లు చీకట్లోకి తోసేసిన పిల్లాడు కదా వీడు అని అతని తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. ఆ వాదన నాకు నవల కన్నా కూడా నచ్చింది.

నేలమాళిగలు కూడా ఊరికే రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తాతని హంగరీలో ఒకావిడ దాచిపెట్టేది నేలమాళిగలోనే. మనవడు పెరిగేది సగం భూమిలో ఉన్న ఇంట్లో. కిటికీలోంచి దారినపోయేవాళ్ల కాళ్లు, పిల్లులు తప్ప ఏమీ కనపడవు. రాజధాని సోఫియాలో క్లెక్ షాపులని ఉంటాయి, పేవ్‌మెంట్ ఎత్తులో బేస్‌మెంట్ కిటికీ, మనం గొంతుక్కూచుని సిగరెట్టో సోడానో కొనుక్కోవాలి. 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయాక పుట్టుకొచ్చాయవి. మొదటిసారి అలా కూచున్నప్పుడు, లోపలున్నాయన రోజంతా చూసేది మన మోకాళ్లే కదా అనిపించింది. ఈ నవలలో పిల్లాడు చేసేదీ అదే పని.

దిగులు గురించి కూడా ఒక మాట. 2010లో ‘ది ఎకనామిస్ట్’ ఆదాయంతో పోల్చి చూస్తే ప్రపంచంలో అతి దిగులుగా ఉండే చోటు బల్గేరియా అని రాసింది. నేను చూసిన బల్గేరియన్లు పెళ్లిళ్లలో తెల్లారేదాకా ఆడేవాళ్లే. కానీ అపార్ట్‌మెంట్ల తలుపుల మీద, బస్‌స్టాపుల్లో, చెట్లకీ పోయినవాళ్ల ఫొటోతో కాగితాలు అంటించి ఉంటాయి. పోయిన రోజుతో ఆగదు. నలభయ్యో రోజుకి, ఆర్నెల్లకి, ఏడాదికి, ఆ తర్వాత కూడా కొత్తవి అంటిస్తారు. నేను అద్దెకున్న ఇంటి మెయిన్ డోర్ మీద ఫొటోలో ఒక ముసలాయన నన్ను కాలేజీకి పంపినన్నాళ్లు మా ఇంటి ఓనరు కూడా పలకరించలేదు.

రెండో_ముద్రణ గారి ఫిర్యాదులో న్యాయం ఉంది. పెద్దయ్యాక ఆ పిల్లాడికి ఆ జబ్బు నయమైపోతుంది. ఇక ఇతరుల కథల్లోకి వెళ్లలేక, కథలు కొనుక్కుంటాడు, పాత వస్తువులు పెట్టెల్లో పోగేస్తాడు. అక్కడ నవల కూడా పెట్టెల గదిలాగే తయారవుతుంది. కావాలనే అలా రాశాడని తెలుసు, అయినా విసుగే. అక్కడ పేజీలు తిప్పేయండి, పాపం లేదు.

కాగితప్పడవ:
డాక్టరుగారూ, థాంక్యూ. నత్త కూడా ‘నేను’ అని చెప్పి చాలా టెన్షన్ తగ్గించారు. మర దగ్గరి భాగం మళ్లీ చదివాను. తల్లి మీద కోపం రాలేదు, అదే వింతగా ఉంది.

రెండో_ముద్రణ:
దీన్ని యానిమేషన్ సినిమాగా కూడా తీశారు. కెనడాలో ఉండే బల్గేరియన్ థియొడోర్ ఉషెవ్, 2019లో. కరిగించిన మైనం రంగులతో బొమ్మలు వేశాడు. అది మాత్రం పూర్తిగా చూశాను!

స్టెతస్కోప్:
హమ్మయ్య, ఏదో ఒకటి పూర్తి చేశారు. మీకైతే గొస్పొదినోవ్ కొత్త పుస్తకం ‘డెత్ అండ్ ది గార్డెనర్’ నప్పుతుంది. 2025లో ఇంగ్లిష్‌లో వచ్చింది. తోటపని చేసే నాన్న, ఆయన చివరి రోజులు. ఇందులోకన్నా కథ సూటిగా నడుస్తుంది. కాకపోతే ఇంట్లో పెద్దవాళ్లకి ఒంట్లో బాగోలేని సమయంలో మాత్రం మొదలుపెట్టకండి.