నాలుగో మాట: "నన్నెందుకు చెయ్యి విడిచితివి"

ప్రశ్న: గుడ్ ఫ్రైడే ఆరాధనలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోదాని మీద ప్రసంగం ఈసారి నాకు ఇచ్చారు. కీర్తన 22లో "నీవు నన్నేల విడనాడితివి" అని ఉంది, మత్తయి 27:46లో "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని ఉంది. రెండూ ఒకటేనా అండీ? కొంచెం టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒకటేనండీ, కాని రెండు భాషల్లో ఉంది. కీర్తన హెబ్రీది, అక్కడి మాట "అజవ్తానీ". యేసు సిలువ మీద పలికిన "సబక్తానీ" అరామిక్. ఆనాటి గలిలయలో జనం ఇంట్లో, వీధిలో మాట్లాడుకున్న భాష అదే. చిన్నప్పటి నుంచి విన్న కీర్తన ప్రాణం పోయే వేళ ఇంటి భాషలో కేకగా వచ్చింది. తెలుగులోనూ చదివి చూడండి: విడనాడటం పుస్తకాల్లో మాట, చెయ్యి విడవడం సొంతవాళ్ళ మీద పెట్టుకునే ఫిర్యాదు. దగ్గర నిలబడ్డవాళ్ళు "ఏలీ" (నా దేవా) విని ఏలీయా ప్రవక్తను పిలుస్తున్నాడనుకోవడం కూడా మన చెవికి తేలిగ్గానే అందుతుంది.

మీ ప్రసంగానికి దీనికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఏడు మాటలు ఏ ఒక్క సువార్తలోనూ కలిసి లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు. మత్తయి, మార్కులకు ఉన్నది ఈ ఒక్కటే. వీటిని వరసగా ధ్యానించే మూడు గంటల ఆరాధన 17వ శతాబ్దం చివర్లో పెరూలోని లీమాలో అలోన్సో మెస్సియా అనే జెస్యూట్ (కథోలిక యేసు సభ) గురువుతో మొదలైంది. మంచి ఆచారమే, నాకు చాలా ఇష్టం కూడా. కాని ఆ వరసలో నాలుగో మాట తర్వాత "సమాప్తమైనది", "నీ చేతికి నా ఆత్మను" అనే మాటలు వస్తాయి కాబట్టి మనసు ముందే కుదుటపడుతుంది. మార్కు ఒక్కటే చదివేవాడికి ఆ ఊరట లేదు. ఈ ప్రశ్న, తర్వాత గొప్ప కేక, అంతే. పైనుంచి జవాబు రాదు.

అందుకే ప్రసంగీకులు తొందరపడి "తండ్రి ముఖం తిప్పుకున్నాడు" అనో, "కీర్తన చివర స్తుతితో ముగుస్తుంది కదా" అనో సర్దేయడం నాకు నచ్చదు. మొదటిది సువార్తల్లో లేదు. రెండోది నిజమే, 22వ వచనం నుంచి స్తుతి ఉంది. అయితే బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ బెంచీల మీద కూర్చుని ఉంటుంది. ఆమె అడుగుతున్న ప్రశ్నే యేసు కూడా అడిగాడని ముందు ఆమెను విననివ్వండి.

మరో సభ్యుడు: మేం కథోలికులం. శుక్రవారం పఠనాల్లో ఈ మాట విన్న గుర్తు లేదు?

జవాబు: నిజమేనండీ. పవిత్ర శుక్రవారం ఏటా యోహాను శ్రమల చరిత్రే చదువుతారు, అందులో ఈ మాట లేదు. ముందు వచ్చే మ్రానికొమ్మల (మట్టల) ఆదివారం మూడేళ్ళ చక్రంలో మత్తయి, మార్కు, లూకా వరసగా వస్తాయి. లూకా వంతు వచ్చిన ఏడాది సువిశేషంలో (సువార్తలో) ఇది వినబడదు కాని, ఆ ఆదివారం పాడే కీర్తన మాత్రం మూడేళ్ళూ ఇదే: "నా దేవా, నా దేవా".

మొదట అడిగినవారికి: మార్కు 15:33–37 ముందు గట్టిగా చదివించి, కాసేపు ఆగి, అప్పుడు మొదలుపెట్టండి.