టీసీ లేని ఒడిశా పాపని బళ్లో చేర్పించడం ఎలా? (గుంటూరు)

మా వీధిలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. రాయగడ నుంచి వచ్చిన కుటుంబం అక్కడే రేకుల షెడ్డులో ఉంటోంది. ఎనిమిదేళ్ల పాప, మూడేళ్ల తమ్ముణ్ణి చంకనేసుకుని రోజంతా ఇసుకగుట్ట మీదే. నిన్న బడికి తీసుకెళ్తే టీసీ లేదని పంపేశారు. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. బియ్యం కూడా కొనుక్కునే తింటున్నారు. ఏం చేయాలి?

జవాబు: టీసీ లేదని ఆపకూడదండీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాల్సిందే. కాదంటే ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి అర్జీ రాసివ్వండి. నోటిమాటతో వదలకండి.

జవాబు: ముందు తమ్ముణ్ణి అంగన్‌వాడీలో వేయండి అక్కా. వాడు ఇంట్లో ఉంటే పాప బడికి రాదు. మా బెజవాడలో ఇదే చూశాను.

జవాబు: ఆహార భద్రత కార్డు ఉండి, ఆధార్ లింకయితే, ఇక్కడి రేషన్ డిపోలోనే వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఊళ్లో ఉన్నవాళ్లు తమ వాటా అక్కడే తీసుకుంటారు.

అడిగినావిడ: కార్డు ఉందట, ఊళ్లో పెట్టొచ్చారు! నంబరు ఫోన్లో అడిగి చెప్తామన్నారు. రేపు పొద్దున్నే అర్జీ పట్టుకెళ్తున్నాను.