అసిస్టులు, బ్లాకులు రెండింటిలోనూ 3 సగటు: డంకన్ కాక ఇంకెవరు?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో, ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) పురుషుల మొదటి డివిజన్‌లో, ఒకే సీజన్‌లో మ్యాచ్‌కు కనీసం 3 అసిస్టులు (సహచరుడి బుట్టకు దారితీసిన పాస్‌లు), 3 బ్లాకుల (ప్రత్యర్థి షాట్‌ను గాలిలోనే అడ్డుకోవడం) సగటు సాధించిన ఆటగాళ్ల జాబితా తయారు చేస్తున్నాను. బ్లాకులను అధికారికంగా లెక్కించడం 1985-86లో మొదలైంది కాబట్టి అంతకు ముందు కాలాన్ని వదిలేశాను.

ఇంతవరకు నాకు నిక్కచ్చిగా దొరికిన పేరు వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీకి ఆడిన టిమ్ డంకన్ ఒక్కటే: 1996-97లో 3.2 అసిస్టులు, 3.3 బ్లాకులు. పోస్టులో (బుట్టకు దగ్గరి చోట) బంతి అందుకుని, ఇద్దరు డిఫెండర్లు మీదికి రాగానే ఖాళీగా ఉన్న సహచరుడికి అందించే సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి ఆటగాడు) అతను, ఇలాంటివారు అరుదే.

బ్లాకుల పట్టికను పైనుంచి చూస్తే 1985-86లో 207 బ్లాకులు చేసిన నేవీ (అమెరికా నౌకాదళ అకాడమీ జట్టు) సెంటర్ డేవిడ్ రాబిన్సన్ వంటివారు వస్తున్నారు గాని, వారి అసిస్టులు నామమాత్రం. అసిస్టుల వైపు నుంచి వెతికితే దాదాపు అందరూ గార్డులే (బుట్టకు దూరంగా ఆడుతూ బంతిని నడిపించే, సాధారణంగా పొట్టి ఆటగాళ్లు). 2013-14లో యూసీఎల్‌ఏ తరఫున 6.5 అసిస్టులు ఇచ్చిన పొడగరి కైల్ ఆండర్సన్‌కు కూడా బ్లాకుల సగటు ఒకటికి చేరలేదు. రెండు పట్టికల్లోని తొలి పేర్లను పక్కపక్కన పెట్టి పోల్చినా లాభం లేకపోయింది, ఎందుకంటే నాకు కావలసినవారు ఏ పట్టికలోనూ అగ్రస్థానంలో ఉండనక్కర్లేదు.

1985-86 తర్వాత ఈ రెండు సగటులనూ ఒకే సీజన్‌లో అందుకున్న ఇతర ఆటగాళ్లెవరో, ఏ సీజన్‌లోనో తెలిసినవారు చెప్పగలరా?