పోలో జీటీ టీఎస్‌ఐకి పాడిల్ షిఫ్టర్లు: గేర్ లివర్ వైర్లకు కలిపితే పనిచేస్తాయా?

పోలో_వరంగల్:
అందరికీ నమస్కారం. కారు 2014 పోలో జీటీ టీఎస్‌ఐ, 7 స్పీడ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). స్టీరింగ్ మీద ఆడియో బటన్లున్నాయి, పాడిల్స్ (స్టీరింగ్ వెనక ఉండే, గేర్లు మార్చే మీటలు) లేవు. ఆన్‌లైన్‌లో "అన్ని కార్లకూ సరిపోతాయి" అంటూ ఒక సెట్ దొరుకుతోంది. రెండు పాడిల్స్, ఒక్కోదానికి రెండేసి వైర్లు, అంతే. గేర్ లివర్ కింద ప్లస్, మైనస్ వైర్లు వెతికి ప్యారలల్‌గా కలిపేస్తే సరిపోతుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నారు. నిజమేనా? స్టీరింగ్ నుంచి వైర్లు కిందికి ఎలా దింపాలి? ఎయిర్‌బ్యాగ్ విప్పడం అంటేనే భయంగా ఉంది. మా బావ దగ్గర పాత టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉంది, దానికైనా ఈ సెట్ పనికొస్తుందా?

డీఎస్‌జీ_కోడర్:
మీ కారుకి ఆ సెట్ కొనకండి. డీఎస్‌జీ లివర్ కింద ప్లస్‌కో వైరు, మైనస్‌కో వైరు అని విడిగా ఉండవు. లివర్ ఎటు కదిలిందో హాల్ సెన్సర్లు (అయస్కాంతంతో కదలికను గుర్తించేవి) పసిగడతాయి, లివర్‌లోనే ఉన్న మాడ్యూల్ ఆ సంగతిని క్యాన్ (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే లైను) మెసేజ్‌గా గేర్‌బాక్స్‌కి పంపుతుంది. ఆ వైరుని పాడిల్‌తో గ్రౌండ్ చేస్తే గేరు మారదు సరికదా, క్యాన్ లైన్ మొత్తం పడిపోతుంది. డాష్‌బోర్డ్ నిండా వార్నింగ్ లైట్లు వెలుగుతాయి, కారు లింప్ మోడ్‌లోకి (శక్తి తగ్గించుకుని నడిచే రక్షణ స్థితిలోకి) పోవచ్చు.

ఫోక్స్‌వ్యాగన్‌లో పాడిల్ సిగ్నల్ దారి వేరు. పాడిల్ వైరు స్టీరింగ్ లోపలి బటన్ మాడ్యూల్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి లిన్ (క్యాన్ లాంటిదే, ఇంకా సాదా లైను) లైన్ మీద స్టీరింగ్ కాలమ్ మాడ్యూల్‌కి, అక్కడి నుంచి క్యాన్ మీద గేర్‌బాక్స్‌కి. ఆడియో బటన్లకు లిన్ లైన్ ముందే ఉంటుంది కాబట్టి కొత్తగా కిందికి వైరు లాగే పనే లేదు. ఆ సందేహం తీరినట్టే.

కావలసినవి: ఒరిజినల్ పాడిల్స్, వాటిని గుర్తించే బటన్ మాడ్యూల్, రెంటినీ కలిపే చిన్న హార్నెస్ (వైర్ల కట్ట). మీ బటన్ మాడ్యూల్‌లో పాడిల్ ఇన్‌పుట్ లేకపోతే ఎంత కోడింగ్ చేసినా లాభం లేదు. అందుకే పాడిల్స్ ఉన్న కారు నుంచి స్టీరింగ్, మాడ్యూల్, హార్నెస్ ఒకే సెట్‌గా తీసుకోవడం మేలు. ఎయిర్‌బ్యాగ్ మాత్రం మీదే ఉంచుకోండి. ఏ యాక్సిడెంట్ బండిదో తెలియని ఎయిర్‌బ్యాగ్ ఎంత చౌకగా వచ్చినా వద్దు. కొనే ముందే మీ ఎయిర్‌బ్యాగ్ ఆ స్టీరింగ్‌లో కూర్చుంటుందో లేదో, వెనక ప్లగ్ ఒకటా రెండా అన్నది సరిచూసుకోండి. ఒక ప్లగ్ ఉన్నది సింగిల్ స్టేజ్, రెండున్నది డ్యూయల్ స్టేజ్. ఒకదాని బదులు ఇంకోటి పెట్టకూడదు.

అన్నిటికన్నా ముందు వీసీడీఎస్‌తో (ఫోక్స్‌వ్యాగన్ కార్లను స్కాన్ చేసే, కోడింగ్ మార్చే సాఫ్ట్‌వేర్) ఆటో స్కాన్ చేయండి. లిస్టులో 16, అంటే స్టీరింగ్ మాడ్యూల్, కనిపించాలి. కనిపించకపోతే కాలమ్ మాడ్యూల్ కూడా మార్చాల్సి వస్తుంది, ఖర్చు లెక్క మారిపోతుంది.

కాలమ్_బెంచ్:
విప్పే పని గురించి నేను చెప్తాను. ఎయిర్‌బ్యాగ్ అంటే భయపడటం తప్పు కాదు, కానీ వరస తప్పకపోతే కుదురుగా అయిపోతుంది.

చక్రాలు తిన్నగా పెట్టండి. కీ తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పి, కనీసం 10 నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటర్లలో చార్జ్ కాసేపు నిలిచి ఉంటుంది, ఈ ఆగడం అందుకే. స్టీరింగ్ లాక్ పడితే తిప్పలేరు కాబట్టి ఆ తర్వాత కీని మళ్లీ పెట్టి లాక్ విడిచే స్థానంలో ఉంచుకోండి. స్టీరింగ్‌ని 90 డిగ్రీలు ఒక పక్కకు తిప్పితే వెనక వైపు చిన్న రంధ్రం కనిపిస్తుంది. సన్నటి స్క్రూడ్రైవర్ లోపలికి పెట్టి స్ప్రింగ్ క్లిప్‌ని నెడితే ఆ పక్క ఎయిర్‌బ్యాగ్ వదులవుతుంది. రెండో పక్కా అంతే. ప్లగ్ తీసే ముందు ఏదైనా లోహపు భాగాన్ని తాకి ఒంటి మీది స్టాటిక్ పోగొట్టుకోండి. తీసిన ఎయిర్‌బ్యాగ్‌ని కవర్ వైపు పైకి ఉండేలా పెట్టాలి. దాని పిన్నుల మీద మల్టీమీటర్ ఎప్పుడూ పెట్టకండి, ఓమ్స్ మోడ్‌లో మీటర్ పంపే కరెంటు చిన్నదే అయినా సరే.

మధ్య బోల్టు 12 పళ్ల స్ప్లైన్ బిట్‌తో వస్తుంది. అలెన్ కీ దూర్చి తిప్పితే తల అరిగిపోతుంది. తీసే ముందు కాలమ్ షాఫ్ట్‌కీ స్టీరింగ్‌కీ కలిపి మార్కర్ గీత గీయండి. స్టీరింగ్ బయటికి రాగానే క్లాక్ స్ప్రింగ్ (తిరిగే స్టీరింగ్‌కి వైర్లు అందించే భాగం) తిరగకుండా రెండు టేపు ముక్కలు అతికించండి. జనం ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే. లోపల పల్చటి రిబ్బన్ కేబుల్ చుట్టలుగా ఉంటుంది. అది ఒక చుట్టు పక్కకు జరిగినా, మీరు స్టీరింగ్ పూర్తిగా తిప్పిన రోజున రిబ్బన్ తెగుతుంది. హారన్, బటన్లు, ఎయిర్‌బ్యాగ్ మూడూ ఒకేసారి పోతాయి.

తిరిగి బిగించేటప్పుడు గీతకు గీత కలపాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా స్టీరింగ్ వంకరగా ఉంటుంది, యాంగిల్ సెన్సర్ రీడింగ్ తప్పి ఈఎస్‌పీ (కారు జారకుండా చూసే వ్యవస్థ) లైటు పడుతుంది. గోల్ఫ్ 5, 6 తరం కార్లలో ఈ బోల్టుకి 50 న్యూటన్ మీటర్ల టార్క్. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో అంకె చూసుకుని టార్క్ రెంచ్‌తోనే బిగించండి. బ్యాటరీ తిరిగి కలిపేటప్పుడు కారు లోపల ఎవరూ కూర్చోకూడదు. ఎయిర్‌బ్యాగ్ ప్లగ్ పెట్టకుండా కీ ఆన్ చేయొద్దు. చేస్తే ఫాల్ట్ నమోదై లైటు ఉండిపోతుంది, స్కానర్‌తో చెరపాల్సిందే.

మీటర్_మాస్టర్:
బావగారి కారు సంగతి. లివర్ కింద మామూలు స్విచ్‌లుంటే ఆ సెట్ పనికొస్తుంది. ఉన్నాయో లేదో ఊహించొద్దు, కొలవండి. కీ ఆన్, ఇంజిన్ ఆఫ్, హ్యాండ్ బ్రేక్ వేసి, లివర్‌ని మాన్యువల్ గేటులో (ప్లస్, మైనస్ గుర్తులున్న వైపు) పెట్టండి. మీటర్ డీసీ వోల్ట్స్‌లో, నల్ల ప్రోబ్ బాడీ గ్రౌండ్‌కి, ఎర్ర ప్రోబ్ ప్లస్ వైరు కనెక్టర్ వెనక నుంచి.

మామూలుగా 5 లేదా 12 వోల్టులుండి, లివర్ నెట్టగానే సున్నాకి పడితే అది గ్రౌండ్ ట్రిగర్. పాడిల్‌తో ఆ వైరుని గ్రౌండ్ చేస్తే చాలు. సున్నా నుంచి 12కి లేస్తే పాజిటివ్ ట్రిగర్, అప్పుడు స్విచ్‌కి ఫ్యూజ్ ఉన్న ఫీడ్ కావాలి. ఒకే వైరు మీద ప్లస్‌కి ఒక వోల్టేజ్, మైనస్‌కి ఇంకో వోల్టేజ్ వస్తే లోపల రెసిస్టర్లున్నాయని అర్థం, పాడిల్ సర్క్యూట్‌లోనూ అవే విలువలు పెట్టాలి. 2.5 వోల్టుల దగ్గర అటూ ఇటూ ఊగుతూ లివర్‌కి స్పందించకపోతే అది క్యాన్. ముట్టుకోకండి.

కిందికి వైరు దింపడానికి క్లాక్ స్ప్రింగ్‌లో ఖాళీ లైన్లు కావాలి. క్రూజ్ కంట్రోల్ లేని వేరియంట్‌లో ఆ పిన్నులు చాలాసార్లు ఖాళీగా ఉంటాయి. పై కనెక్టర్ నుంచి కింది కనెక్టర్‌కి కంటిన్యుటీ (లైను తెగకుండా ఉందా అని) చూడండి. మీటర్‌తో ఈ కొలత తీసేది ఎయిర్‌బ్యాగ్‌వి కాని పిన్నుల మీద మాత్రమే, పసుపు కనెక్టర్ జోలికి పోవద్దు. ఖాళీ లేకపోతే కాలమ్ చుట్టూ బయట నుంచి వైరు తిప్పే ప్రయత్నం చేయకండి. స్టీరింగ్ ఒక్కో వైపు ఒకటిన్నర చుట్టు తిరుగుతుంది, ఆ వైరు షాఫ్ట్‌కి చుట్టుకుని తెగుతుంది, లేదా స్టీరింగ్‌నే పట్టేస్తుంది.

గ్రౌండ్ కోసం విడి లైను లేకపోతే హారన్ గ్రౌండ్ వాడుకోవచ్చు, కానీ స్టీరింగ్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ రెసిస్టెన్స్ చూడండి. ఎక్కడా ఒక ఓమ్ దాటకూడదు. కొన్ని కార్లలో ఆ గ్రౌండ్ బేరింగ్ గుండా వస్తుంది, మలుపులో ఒకసారి గేరు పడుతుంది, ఒకసారి పడదు. జాయింట్లు సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయండి, పైన క్లాత్ టేపు చుట్టండి. మామూలు ఇన్సులేషన్ టేపు మే నెల ఎండకి జిగురు కారి ఊడిపోతుంది. పాడిల్‌కి ఎల్‌ఈడీ వైరు ఉంటే కలపకుండా వదిలేయండి.

పోలో_వరంగల్:
చాలా థాంక్స్ అండి. స్కాన్ చేయించాను, 16 కనిపిస్తోంది. స్టీరింగ్ సెట్ తీసుకుంటాను. కోడింగ్‌లో ఏం మార్చాలి? డీలో (డ్రైవ్) ఉన్నా పాడిల్స్ పనిచేస్తాయా?

డీఎస్‌జీ_కోడర్:
16లోకి వెళ్లి ముందు ఉన్న కోడింగ్‌ని అక్షరం పొల్లు పోకుండా సేవ్ చేసుకోండి. తర్వాత వీసీడీఎస్‌లోని లాంగ్ కోడింగ్ హెల్పర్ తెరిచి పాడిల్స్ ఉన్నాయి అనే ఆప్షన్ టిక్ చేయండి. ఇంకేదీ కదపకండి. రోడ్డెక్కే ముందే మెజరింగ్ బ్లాక్స్‌లో (లైవ్ రీడింగులు) పాడిల్ స్థితి చూడండి. కుడిది నొక్కితే ప్లస్, ఎడమది నొక్కితే మైనస్ కనిపించాలి. రెండూ కనిపించకపోతే తప్పు మాడ్యూల్ రకంలోనో హార్నెస్‌లోనో ఉంటుంది. ఒక్కటే కనిపిస్తే, కనిపించని పాడిల్ ప్లగ్ పూర్తిగా కూర్చోలేదు.

డీలో కూడా పనిచేస్తాయి. నొక్కగానే తాత్కాలికంగా మాన్యువల్‌లోకి వెళ్తుంది, కాసేపు ముట్టుకోకపోతే దానంతటదే డీకి వస్తుంది. వెంటనే రావాలంటే కుడి పాడిల్ నొక్కి పట్టండి. వేగంలో ఎడమది నొక్కినా కింది గేరు పడకపోతే వైరింగ్ అనుమానించకండి, ఆర్‌పీఎం హద్దు దాటుతుందని గేర్‌బాక్స్ ఒప్పుకోలేదంతే. బ్యాటరీ కలిపాక వెలిగే ఈఎస్‌పీ లైటు కొంత దూరం తిన్నగా నడిపితే పోవాలి. పోకపోతే స్టీరింగ్ గీతలు మళ్లీ చూసుకుని, యాంగిల్ సెన్సర్‌కి బేసిక్ సెట్టింగ్ చేయించండి.