జాబ్ జీరో ఎక్కడ పెట్టాలి: పై ముఖమా, అడుగా, మూలా, మధ్యా?

మిల్లింగ్ అభ్యాసి:
సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) యంత్రంలో ముక్క కొలతలన్నీ మొదలయ్యే బిందువే జాబ్ జీరో. వైస్‌లో (దవడల మధ్య ముక్కను బిగించే సాధనంలో) పట్టే ముక్కలకు పక్కలకూ ముందువెనుకలకూ కొలిచే ఎక్స్, వై జీరోను మూలలోనూ, ఎత్తు కొలిచే జెడ్ జీరోను పై ముఖం మీదా పెట్టడం నా అలవాటు. రంపంతో కోసి వచ్చే ముక్కల మందం 22 నుంచి 23 మిల్లీమీటర్ల వరకు మారుతూ ఉండటంతో ప్రతి ముక్కకూ టూల్‌ను పై ముఖానికి తాకించి జెడ్‌ను మళ్లీ పెట్టవలసి వస్తోంది. పూర్తయిన మందం 20 ఉండాలి. మీరు ఏ పద్ధతి అనుసరిస్తున్నారు?

ఫిక్స్చర్ డిజైనర్:
ముక్క మారినా తాను మారని తలం మీద జీరో పెట్టండి. వైస్‌లో కదలని దవడ, ప్యారలల్స్ (ముక్క కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు) పై తలం, పక్కన బిగించిన స్టాపర్ అటువంటివి. ప్యారలల్స్ మీద జెడ్ జీరో పెట్టి, మొదటి ఆపరేషన్‌లో పై ముఖాన్ని జెడ్ 21 వద్ద చదును చేయండి. తరువాత ముక్కను తిప్పి, ఆ చదునైన ముఖాన్ని ప్యారలల్స్ మీద ఆనించి 20 వద్ద ముగించండి. ముడి మందంలోని తేడా అంతా మొదటి కోత లోతులోనే కలిసిపోతుంది. అయితే సేఫ్ ఎత్తునూ (టూల్ దేనికీ తగలకుండా కదిలే ఎత్తు), తొలి పాస్‌నూ (మొదటి కోతను) అన్నింటికన్నా మందమైన ముక్కను దృష్టిలో పెట్టుకొని రాయాలి. లేకపోతే టూల్ నేరుగా లోహంలోకి దిగుతుంది. కదిలే దవడ వైపు జీరో పెట్టవలసిన అవసరం నాకు ఇంతవరకు కనిపించలేదు.

తనిఖీ విభాగం:
పైన చెప్పినది జెడ్‌కు సరిపోతుంది. ఎక్స్, వై విషయంలో మాత్రం ముందుగా డ్రాయింగ్ చూడండి. రంధ్రం కుడి అంచు నుంచి 15 ± 0.02 అని ఉండగా, 100 ± 0.1 పొడవు గల ముక్కకు ఎడమ అంచున జీరో పెట్టి 85 అని రాస్తే, పొడవులోని తేడా మొత్తం ఆ 15లోకి వచ్చి చేరుతుంది. యంత్రం ఎంత ఖచ్చితమైనదైనా ఆ ముక్క తనిఖీలో నిలవకపోవచ్చు. సౌష్ఠవమైన ముక్కలకు మధ్యలో జీరో మంచిదే, పొడవు 0.1 పెరిగితే ఒక్కో పక్కకు 0.05 మాత్రమే పడుతుంది. కానీ ప్రతి ముక్కకూ రెండు అంచులనూ తాకించి మధ్యను కనుగొన్నప్పుడో, రెండు దవడలూ సమానంగా కదిలే సెల్ఫ్ సెంటరింగ్ వైస్ వాడినప్పుడో మాత్రమే ఆ లాభం దక్కుతుంది.

లేత్ ఆపరేటర్:
మాకు ఎక్స్ జీరో ఎలాగూ ముక్కను తిప్పే స్పిండిల్ అక్షమే; జెడ్ ఆ అక్షం పొడవునా ఉంటుంది. జెడ్ జీరోను ఫేసింగ్ (ముక్క చివరను చదును చేయడం) పూర్తయ్యాక మిగిలే ముఖం మీద పెడతాను; ఆ తరువాతి కోతలన్నీ మైనస్‌లో ఉంటాయి కాబట్టి ప్లస్ కనిపిస్తే టూల్ ముక్క బయట ఉందని వెంటనే తెలుస్తుంది.

మిల్లింగ్ అభ్యాసి:
తిప్పి పట్టినప్పుడు ఆఫ్‌సెట్ (యంత్రానికి ఇచ్చిన జీరో స్థానం) మార్చాలా?

ఫిక్స్చర్ డిజైనర్:
రెండు వైస్‌లు ఉంటే మొదటిదానికి జీ54, రెండోదానికి జీ55 అనే ఆఫ్‌సెట్ కోడ్‌లు ఇవ్వండి. 10 మిల్లీమీటర్ల వ్యాసం గల ఎడ్జ్ ఫైండర్ (అంచును కనుగొనే గుండ్రటి కడ్డీ) అంచును తాకినప్పుడు, దాన్ని పట్టిన స్పిండిల్ మధ్యభాగం 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ 5ను కలపాలో తీసివేయాలో రెండు చోట్లా విడివిడిగా సరిచూసుకోండి.